వియ్యంకుల గాస్కెట్

మా వియ్యంకుడుగారి ఇంటి పోర్టికోలో నా కారు నూనె కార్చడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆయన నాపట్ల చూపే మర్యాద మరింత పెరిగింది. అంతకుముందు తక్కువని కాదు. ఆయన బట్టల దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పెదవి విరిచిన వారికి మరిన్ని తానులు పరచి చూపించడమే తప్ప, ఎదుటివారికి అయిష్టమైన మాట ఒక్కటి అని ఎరుగరు. నేను బీమా సంస్థలో ఉత్తర ప్రత్యుత్తరాల శాఖకు అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. క్లెయిము చెల్లించబోమని తెలియజేసే ఉత్తరాన్ని, అందుకున్నవాడు కృతజ్ఞతలు చెబుతూ జవాబు వ్రాసే విధంగా వ్రాయడం నా వృత్తి. ఇటువంటి ఇద్దరు వియ్యమందిన తరువాత వారి మధ్య ఒక్క నిజమైనా దొర్లే అవకాశం ఎంత ఉంటుందో చదువరులే ఊహించుకోవచ్చు.

మేముండే ఫ్లాట్ల సముదాయంలో కారు నిలుపుకొనే స్థలం మా వాటాకు రాలేదు. వీధిలో నిలిపితే, శుభ్రంగా తుడిచి వచ్చిన కాసేపటికే ఎవరో ఒకరు వెనుక అద్దం మీది దుమ్ములో వ్రేలితో చమత్కారాలు వ్రాసి పోయేవారు. మా అమ్మాయిని ఇచ్చిన ఇల్లు పక్క వీధిలోనే ఉంది. సంగతి తెలిసిన మరుక్షణం వియ్యంకుడుగారు, “మనిల్లు ఉండగా మీ కారు వీధిన పడ్డమేంటి బావగారూ! మా పోర్టికో ఎందుకుంది?” అని తన స్కూటరును గోడ వారకు జరిపించారు. ఆ పోర్టికోకు ఆయన అంతకు కొద్దికాలం క్రితమే మీగడ రంగు పలకలు పరిపించారు. ఒక్కొక్క పలకనూ వెలుతురుకు ఎత్తి, పట్టుచీర అంచును పరీక్షించినట్టు పరీక్షించి ఎంచుకున్నారని మా అమ్మాయి తరువాత చెప్పింది. ముందే చెప్పి ఉంటే నేను వేరే ఏర్పాటు చూసుకునేవాడిని.

మొదటి చుక్క పడినప్పుడు ఆయన, “ఏముందండీ, నేల కాస్త రంగు తేలింది,” అన్నారు. మరునాటికి కారు క్రింద ఒక పాత పళ్ళెం వెలిసింది. చుక్క పళ్ళెంలో కాక పక్కన పడుతున్నదని తేలిన మీదట, పళ్ళెం క్రింద పాత గుడ్డ పరిచారు. దానిమీద నూనె ఇంకగానే తువ్వాలు వచ్చింది. తువ్వాలు తరువాత ఉతకని పాప్లిన్ ముక్క. ఒకనాడు నేను వెళ్ళేసరికి, జరీ అంచుగల గుడ్డ ఒకటి నా కారు క్రింద పరచి ఉంది. గుడ్డ నాణ్యత పెరిగేకొద్దీ నా పరువు తరుగుతున్నదని గ్రహించడానికి నాకు ఎవరి సహాయమూ అవసరం కాలేదు. ఆయన మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

అనవలసినది మా ఆవిడ అన్నది.

“వదినగారు ఇవాళ కూడా మోకాళ్ళ మీద కూర్చుని కిరసనాయిలుతో గచ్చు రుద్దుతున్నారు. నన్ను చూసి నవ్వారు.”

“నవ్వితే మంచిదే కదా.”

“ఆ నవ్వు మీకు తెలీదు లెండి. మా నాన్నతో మాట్లాడ్డం మానేసినప్పుడల్లా మా అమ్మ అలాగే నవ్వేది. చూడండీ, నా కూతురు కాపురం చేస్తున్న ఇల్లది, నూనె గానుగ కాదు. ఆదివారం సాయంత్రానికి ఆ కారడమైనా ఆగాలి, ఆ కారైనా పోవాలి.”

“ఆగుతుంది.”

“మాటేనా?”

“మాట.”

“అయితే పాత కార్లు కొనే అతన్ని ఆదివారం సాయంత్రం రమ్మంటాను. ఆగితే పంపించేద్దాం. ఆగకపోతే కారుతో పంపిద్దాం.”

ఇచ్చిన మాట తప్పడం నాకు అలవాటు లేదన్న సంగతి ఆమెకు తెలుసు. అందుకే మాట తీసుకున్నది.

కారు పోతే నడవలేనని కాదు. నా ఆరోగ్యానికి లోటు లేదు. అసలు భయం మా అల్లుడి కారులోని వెనుక సీటు. అతడు మంచివాడు, ఆదివారం కూడా ఆ కారులో ఉద్యోగానికి వెళ్ళేవాడు. “ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి మామయ్యగారూ, శనివారం ఖాళీ చూసుకుని తీసుకెళ్తాను,” అంటాడు. శనివారం వరకు ఎదురుచూసి, వెనుక సీటులో కూరగాయల సంచీతో సమానంగా ఒదిగి కూర్చుని, దింపిన చోట దిగి, ఎక్కమన్నప్పుడు ఎక్కడం నా వల్ల అయ్యే పని కాదు. ఇంతకాలం నలుగురినీ ఎక్కించుకుని తీసుకువెళ్ళినవాడిని. నలుగురు నన్ను మోసుకువెళ్ళే దశ ఎలాగూ ఒకటుంది. దానిని ముందుకు జరుపుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

మెకానిక్ దగ్గరకు వెళ్ళకపోలేదు. వెళ్ళాను. అతడు బానెట్ ఎత్తి, దించి, “సార్, ఇది కారు కాదు, కారేది,” అని తన చమత్కారానికి తానే నవ్వి, అమ్మేయమని సలహా ఇచ్చాడు. విషయం అంత పెద్దది కాదు. ఇంజను తల మీద ఒక ఇనుప మూత ఉంటుంది. కుక్కరు మూతకు ఉన్నట్టే దానికీ ఒక రబ్బరు గాస్కెట్ ఉంటుంది. మూతకూ ఇంజనుకూ నడుమ అది బిగువుగా కూర్చున్నంతకాలం లోపలి నూనె లోపలే ఉంటుంది. నా కారులోని గాస్కెట్ వయసు మీరి, గట్టిపడి, పట్టు విడిచింది. వయసు మీరినవన్నీ అమ్మివేయవలసిందే అయితే ఆ మెకానిక్ సలహా చాలా దూరం పోతుంది. నేను కొత్త గాస్కెట్ కొన్నాను. ఆ కారుకు సంబంధించిన ఇంగ్లీషు మరమ్మతు గ్రంథం సంపాదించి, సంబంధిత అధ్యాయాన్ని క్రిందిగీతలు గీసుకుంటూ చదివాను. ఆదివారం ఉదయం పాత చొక్కా తొడుక్కుని, మా ఆవిడను వెంటబెట్టుకుని పోర్టికోకు వెళ్ళాను.

అక్కడ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వియ్యంకుడుగారు సిద్ధంగా నిలబడి ఉన్నారు. పక్కన ఒకే ఒక్క కుర్చీ వేయించి ఉంది.

“మీరు కూర్చోండి బావగారూ, నేను విప్పుతాను,” అన్నాను.

“అబ్బే! మీరు నిలబడి ఉండగా నేను కూర్చోడమా? మీరు విప్పండి, నేను పట్టుకుంటాను.”

“ఏం పట్టుకుంటారు?”

“మీరేం ఇస్తే అది.”

ఆ కుర్చీలో ఎవరమూ కూర్చోలేదు. ప్లగ్గుల తీగలు ఊడదీసి, ఏది ఎక్కడిదో గుర్తు తెలిసేందుకు ఆయన తెచ్చిన రంగురంగుల దారాలు కట్టాము. ఆ తరువాత మూత బోల్టుల వంతు వచ్చింది. నేను స్పానరు ఆయన చేతిలో పెట్టాను.

“మొదటి బోల్టు మీ చేతి మీదుగా కానివ్వండి.”

“ఎంతమాట! కారు మీది.”

“పోర్టికో మీది.”

“విద్య మీది.”

“పెద్దరికం మీది.”

కిటికీలోనుంచి మా అమ్మాయి తల బయట పెట్టింది. “నాన్నా, మామయ్యా, అది బోల్టు. శంకుస్థాపన కాదు. ఎవరో ఒకరు తిప్పండి.”

ఆయన తిప్పారు. బోల్టులన్నీ వచ్చాయి గాని మూత రాలేదు. ఏళ్ళ తరబడి నూనెలో నాని అతుక్కుపోయింది. గ్రంథంలో ఇటువంటి సందర్భానికి ఒక వాక్యం ఉంది. నేను దానిని చదివి, “చెక్క సుత్తితో మృదువుగా, నలుదిక్కులా తట్టవలెను,” అని అనువదించి వినిపించాను.

“ఆహా, ఎంత చక్కగా రాశాడండీ,” అని వియ్యంకుడుగారు చెక్క సుత్తి తీసుకుని, లోపల ఎవరో పసివాళ్ళు నిద్రపోతున్నట్టు తట్టసాగారు. ఆ తట్టుడుకు మూత కదిలే పని లేదని నాకు తెలుస్తూనే ఉంది. “దివ్యంగా తడుతున్నారు,” అన్నాను. చివరకు వియ్యపురాలుగారు వంటింట్లోనుంచి వచ్చి, కాసేపు చూసి, భర్త చేతిలోని సుత్తి లాక్కుని ఒక్కటి వేశారు. మూత ఊడింది.

“మూత తీయాలంటే కుశలప్రశ్నలు అక్కర్లేదండీ,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయారు.

ఇక పని పంచుకున్నాము. మూత గాడిలోని పాత రబ్బరును గీకి తీయడం నా వంతు. ఇంజను అంచును తుడిచి శుభ్రం చేయడం ఆయన వంతు. తుడవడంలో ఆయనది ఒక పద్ధతి. గుడ్డను చతురస్రంగా మడిచి, అంచు వెంట నెమ్మదిగా లాగుతారు; మాసిన మడతను లోపలికి త్రిప్పి మరొక తెల్లని మడతను పైకి తెస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. కాని ఇంజనుకు వెనుక వైపున, చేయి దూరడం కష్టమైన మూలలో, చిటికెనవ్రేలి గోరంత పాత రబ్బరు ముక్క నల్లగా అతుక్కుని ఉండిపోవడం నేను చూశాను. ఆయన గుడ్డ దాని మీదుగా వెళ్ళింది, వచ్చింది, ముక్క మాత్రం కదలలేదు.

“ఎలా ఉంది బావగారూ?” అని అడిగారు.

“అద్దంలా ఉందండీ,” అన్నాను.

మరేమనగలను? పిల్లనిచ్చినవాడిని. పిల్లవాడి తండ్రి, తన ఇంట్లో, తన గుడ్డతో, తన చేత్తో తుడిచిన చోటును నేను మళ్ళీ తుడవడమంటే ముఖాన కొట్టినట్టే. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చినప్పుడు గొంతు తగ్గించి ఆమెకు చెప్పాను.

“అన్నయ్యగారు తుడిచిన చోట ముక్క మిగిలిపోయింది.”

“అయితే చెప్పండి.”

“ఎలా చెప్పను?”

“నోటితో.”

ఆమెకు ఇటువంటి సూక్ష్మాలు పట్టవు. చెబుదామనే అనుకుని వెనుదిరిగాను. కాని ఆయన చిరునవ్వుతో, “కానిద్దామా?” అన్నారు. నా నోట, “కానిద్దాం,” అన్న మాటే వచ్చింది.

కొత్త గాస్కెట్‌ను మూత గాడిలో కూర్చడం నేను స్వయంగా చేశాను. మూతను తిరగేసి ఇద్దరమూ ఎత్తి ఇంజను మీద దించాము. దించిన తరువాత ఆయన నా వైపు మూలను ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువసేపు చూసినట్టు అనిపించింది.

“ఏమన్నా తేడా ఉందా బావగారూ?”

“తేడానా? అచ్చు గుద్దినట్టు కూర్చుందండీ,” అని, చేతులు కడుక్కుని వస్తానంటూ లోపలికి వెళ్ళారు. వచ్చిన తరువాత బోల్టులు బిగించాము. మధ్యనుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలనీ, మణికట్టు బలమే తప్ప భుజబలం కూడదనీ గ్రంథం చెప్పింది. మీదొకటి, నాదొకటి అనుకుంటూ పూర్తిచేశాము. తీగలు తగిలించి తాళం తిప్పాను. ఇంజను ఒక్క ఉదుటున అందుకుంది.

“సంగీతంలా ఉందండీ!” అన్నారు ఆయన.

“మీ చేతి చలవ,” అన్నాను నేను.

మా అమ్మాయి కాఫీలు తెచ్చింది. ఇద్దరమూ కప్పులు పట్టుకుని, పనిచేస్తున్న ఇంజను ముందు, సన్మానం పొందుతున్నవారి వలె నిలబడ్డాము. వియ్యంకుడుగారు మా ఇద్దరి వంటి సహకారం ఉంటే ఎంతటి కార్యమైనా సాధ్యమేనని ఒక వాక్యం ప్రారంభించారు. ఆ వాక్యం ఇంకా పూర్తికాకుండానే ఇంజను వెనుక మూలనుంచి తెల్లని పొగ లేచింది.

“నాన్నా, ఏదో మాడుతోంది,” అన్నది అమ్మాయి.

“కాఫీ పొడి కాస్త ఎక్కువ వేయించినట్టున్నారు,” అన్నాను.

“కాఫీ కాదు నాన్నా, కారు!”

ఇంజను ఆపాను. వంగి చూశాము. ఆనాటి ప్రత్యేక సందర్భానికని ఆయన పరిచిన తెల్లటి మల్లు గుడ్డ మీద ఒక చుక్క పడింది. వెంటనే మరొకటి. మునుపు విరామం తీసుకుంటూ కారే నూనె ఇప్పుడు ధారకు సిద్ధమవుతున్నది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

నేను చేతులు తుడుచుకుని, తాళంచెవి జేబులోనుంచి తీసి, కారు ముందుభాగం మీద ఉంచాను.

“మాట ఇచ్చాను బావగారూ. సాయంత్రం పాత కార్లు కొనే అతను వస్తాడు. అమ్మేస్తాను.”

ఆయన వద్దంటారని ఎదురుచూశాను. వద్దని ఒక్క మాట అంటారని, మళ్ళీ విప్పి చూద్దాం అంటారని. ఆయన తల వంచుకుని, గుడ్డ మడిచి, “మీ నిర్ణయం ఎప్పుడూ సబబుగానే ఉంటుంది బావగారూ,” అన్నారు. ఆ వాక్యాన్ని నా ఉద్యోగ జీవితంలో వివిధ రూపాలలో నేనే ఎన్నో ఉత్తరాలలో వ్రాశాను. దాని అర్థం నాకు బాగా తెలుసు. క్లెయిము తిరస్కరించబడింది.

గుమ్మంలో నిలబడి ఉన్న వియ్యపురాలుగారికి అక్కడితో ఓపిక నశించింది.

“అదేంటండీ అలా అంటారు? ఇందాక చేతులు కడుక్కోడానికి వచ్చి నాతో ఏమన్నారు? ‘బావగారు పెట్టిన రబ్బరు మూల దగ్గర గాడిలోంచి జారి మడతపడింది, అది కారక మానదు’ అని మీరు అనలేదూ?”

నేను నిర్ఘాంతపోయాను. ఆయన ముఖం ఎర్రబడింది. అదే అదనుగా మా ఆవిడ ముందుకు వచ్చింది.

“మా ఆయన మాత్రం తక్కువ తిన్నారా వదినగారూ? అన్నయ్యగారు తుడిచిన చోట పాత ముక్క మిగిలిపోయిందని నాతో చెప్పి, ఆయనతో మాత్రం ‘అద్దంలా ఉందండీ’ అన్నారు.”

“చాల్లే సంబడం. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దవాళ్ళు ఊరికే చెప్పారా?” అన్నారు వియ్యపురాలుగారు. ఆ సామెతలోని రెండవ సగం అచ్చులో వ్రాయదగినది కాదు. ఆమె మాత్రం దానిని పూర్తిగానే చెప్పారు.

“చూశారా?” అన్నాను ఆయనతో. “గాస్కెట్ జారడం మీరు చూశారా?”

“చూశాను.”

“చూసి అచ్చు గుద్దినట్టుందన్నారా?”

“మీరు ముక్కని చూసి అద్దంలా ఉందనలేదా?”

“నేను పిల్లనిచ్చినవాణ్ణి! నేనెలా చెబుతాను?”

“నేను పిల్లని తెచ్చుకున్నవాణ్ణి! నేను తప్పుపడితే, వియ్యంకుడు చూశారా ఎలా సాధిస్తున్నాడో అని మీ చుట్టాలంతా చెప్పుకోరూ?”

“మా చుట్టాలు అలాంటివాళ్ళు కారు!”

“ఎలాంటివాళ్ళో పెళ్ళిలో చూశానుగా!”

పెళ్ళి ప్రస్తావన రావడంతో మా అమ్మాయి కాఫీ కప్పులు తీసుకుని లోపలికి పరుగెత్తింది. ఆయన గొంతు లేవడం నేను ఎన్నడూ వినలేదు. ఆయనా విని ఉండరనే నా అనుమానం. ఒక్క క్షణం తానే ఉలిక్కిపడ్డారు. కాని మొదలైన తరువాత ఆగలేదు.

“అసలు ఎప్పుడన్నా అడిగారా, నా గచ్చు ఏమవుతోందని? ఒక్కో పలక ఏరి ఏరి తెచ్చుకున్నాను! రోజూ పొద్దున లేచి మా ఇంటి ముందు మీ నూనె చూసుకోవాలి. గుడ్డ మీద గుడ్డ పరిచాను. జరీ గుడ్డ కూడా వేశాను! అయినా మీకు అర్థం కాలేదు.”

“అర్థమైంది! అందుకే సిగ్గుతో చచ్చాను! కారు తియ్యమని ఒక్క మాట అంటే తీసేవాణ్ణి కదా!”

“ఎలా అంటాను? తీసుకురమ్మన్నదే నేనైతే!”

“అయితే ఇప్పుడనండి!”

“తియ్యి! లేదా సరిగ్గా బాగుచెయ్యి! గాస్కెట్ గాడిలో పెట్టడం చేతకానివాడివి అంత లావు పుస్తకం ఎందుకు చదివావు?”

ఆయన నన్ను ఏకవచనంలో సంబోధించారు. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. నాకు కోపం రావలసిన చోట, బిగించిన కాలరు గుండీ ఎవరో విప్పినట్టు ఊపిరి ఆడింది.

“గాడిలో నేను సరిగ్గానే పెట్టాను,” అన్నాను. “మూత దించేటప్పుడు నువ్వు నీ వైపు ముందే వదిలేశావు. అందుకే జారింది. పైగా చెక్క సుత్తిని పట్టుకుని ఇంజనుకు జోలపాట పాడావు.”

ఆయన నన్ను చూశారు. నేను ఆయనను చూశాను. తరువాత ఆయన తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, స్పానరు తీసి నా చేతిలో పెట్టకుండా తానే పట్టుకుని, “లాంతరు స్టాండులా నిలబడతావేం? ఆ తీగలు ఊడబీకు,” అన్నారు.

ఉదయమంతా పట్టిన పని ఈసారి చకచకా సాగింది. మూత లేచింది. తిలా పాపం తలా పిడికెడన్నట్టు ఇద్దరి తప్పులూ బయటపడ్డాయి. వెనుక మూలలో ఆయన ముక్క. ముందు మూలలో నా మడత. అదృష్టవశాత్తూ కొత్త రబ్బరు నలిగిందే గాని తెగలేదు.

“ఇదిగో నీ అద్దం,” అని ముక్కను గీకి తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

“ఇదిగో నీ అచ్చు,” అని ఆయన మడతను సవరించి గాడిలోకి నొక్కారు. “అక్కడ కాదు, ఇక్కడ నొక్కు. వేలు కాదు, బొటనవేలు. నీకు బొటనవేలు ఏదో తెలుసా అసలు?”

“తెలుసు. నీకు చూపించమంటావా?”

మేము ఈ విధంగా పని చేసుకుంటూ ఉండగా గేటు చప్పుడైంది. పాత కార్లు కొనే ఆసామి వచ్చాడు. బొద్దుగా, చెమటతో, సొంతదారు దుఃఖంలో ఉన్నాడని ముందే నిర్ధారించుకున్న ముఖంతో వచ్చాడు. విప్పి ఉన్న ఇంజనును చూసి నాలుక చప్పరించాడు.

“అయ్యయ్యో, పేగులు బయటపెట్టేశారే! ఇంకేముంది పెద్దాయనా, తుక్కు కింద తూకమేసి తీసుకోవాల్సిందే,” అని అలవాటు చొప్పున టైరును కాలితో తన్నాడు.

“టైరు తన్నకు,” అన్నారు వియ్యంకుడుగారు, తల ఎత్తకుండా.

“చూడాలి కదండీ.”

“కళ్ళతో చూడు. కాళ్ళతో చూడ్డం ఎవరు నేర్పారు? అదిగో కుర్చీ. కూర్చో. సాయంత్రం ఇంకా అవలేదు.”

ఆ మనిషి కుర్చీలో కూర్చున్నాడు. మూలల్లో పూయవలసిన జిగురు పూసి, మూత దించాము. ఈసారి “నా వైపు”, “నీ వైపు”, “ఆగు”, “ఆగమన్నానా”, “వదులు” అని బిగ్గరగా చెప్పుకుంటూ దించాము. బోల్టులు ఆయన బిగిస్తుంటే నేను ఆయన మణికట్టు మీద చెయ్యి వేసి ఉంచాను. భుజం కదిలితే ఒక్కటి కొట్టాను. రెండుసార్లు కొట్టవలసి వచ్చింది.

జిగురు ఆరడం కోసం ఆగాము. ఎండ గోడ దిగిపోతున్నది. నాకు అల్లుడి కారు వెనుక సీటు కళ్ళ ముందు కనిపించింది. దాని మీది బిస్కెట్ల పొడి కూడా కనిపించింది. మా ఆవిడ నా ముఖం చూసి, ఏమనుకున్నదో, “ఇంక తిప్పండి,” అన్నది, కాస్త మెత్తగా.

తిప్పాను. వియ్యంకుడుగారు కొత్త తెల్లగుడ్డ కారు క్రింద పరిచారు. ఇంజను తిరుగుతూనే ఉంది. అందరమూ వంగాము. వియ్యపురాలుగారు టార్చిలైటు పట్టుకున్నారు. కొనవచ్చిన ఆసామి కూడా కుతూహలం ఆపుకోలేక కుర్చీ దిగి, మీగడ రంగు పలకల మీద చెంప ఆనించి పడుకున్నాడు. ఇంజను బాగా వేడెక్కేవరకు నడిపాము. పొగ లేదు. మాడు వాసన లేదు. మా ఆవిడ గుడ్డను లాగి, వెలుతురుకు ఎత్తి, తిరగేసి చూసింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నా యోగ్యతా పత్రాలను ఎవరూ అంత శ్రద్ధగా పరిశీలించలేదు.

“అబ్బే, కారడం లేదే,” అన్నాడు ఆసామి నేల మీదనుంచే. లేచి మోకాళ్ళు దులుపుకుని, గొంతు మార్చాడు. “అయితే వేరే మాట. తుక్కు లెక్క వద్దులెండి. నడిచే బండి కింద తీసుకుంటా. మంచి రేటు ఇస్తా. ఏమంటారమ్మా?”

అతడు మా ఆవిడనే అడిగాడు. బేరంలో ఎవరిని అడగాలో తెలిసినవాడు. ఆమె గుడ్డ మడిచి వియ్యపురాలుగారి చేతికి ఇచ్చింది.

“ఆగితే పంపించేస్తామని చెప్పాను కదా బాబూ. ఆగింది. నువ్వు వెళ్ళిరా.”

నేను కారు మీది తాళంచెవికోసం చూశాను. అది అప్పటికే స్టీరింగు పక్కన తగిలించే ఉందన్న సంగతి గుర్తుకు వచ్చేసరికి ఒక క్షణం పట్టింది.

“సంతోషించింది చాలు,” అన్నారు వియ్యంకుడుగారు. “పాత మరక పోదు. నాలుగు పలకలు మార్చాలి. మార్పించు.”

“మార్పిస్తాను.”

“అదే రంగు దొరక్కపోతే?”

“దొరికేదాకా ఊళ్ళో దుకాణాలన్నీ తిప్పుతాను. కారెక్కు.”

నలుగురమూ బయలుదేరాము. దుకాణాలు మూసే వేళ అని ఎవరికీ తోచలేదు. ఆడవాళ్ళు వెనుక కూర్చున్నారు. ఆయన ముందు సీటులో, నా పక్కన, నూనె మరకలైన తెల్లచొక్కాతోనే కూర్చున్నారు. ఈ ఇద్దరూ ఇలా ఏకవచనంలో అరుచుకోవడం పది మంది వింటే ఏమనుకుంటారని మా ఆవిడ వియ్యపురాలుగారితో అంటున్నది.

“మర్యాదగా ఉన్నప్పుడు నూనె కారిందే గాని, ఇల్లు మాత్రం నిశ్శబ్దంగా ఉండేది వదినగారూ,” అన్నారు ఆమె.

వీధి చివరకు చేరకముందే ఆయన ప్రారంభించారు.

“గేరు మార్చు. ఇంజను ఏడుస్తోంది, వినబడ్డం లేదా?”

మార్చాను.

“ఇంత నెమ్మదా? వెనకాల సైకిలువాడు దాటిపోయాడు.”

పెంచాను.

“అమ్మో, అంతొద్దు. ఎదర మలుపుంది, హారను కొట్టు.”

నేను కారును రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఆయన వైపు తిరిగి, స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, “దిగి నడువు,” అన్నాను.

“దిగను,” అన్నారు ఆయన, కాళ్ళు ఇంకా కాస్త చాపుకుని.

గేరు వేసి కారు ముందుకు నడిపాను. మలుపు వద్ద హారను కొట్టలేదు. ఆ విషయమై ఆయన ఏమన్నారో నాకు వినపడింది. వెనుక కూర్చున్న ఇద్దరికీ వినపడింది. పక్కనుంచి వెళ్తున్న ఆ సైకిలువాడికి కూడా వినపడింది.